కోచ్ గారూ, ఆస్ట్రేలియాలో ఎంపీగా నిలబడాలంటే ముందు ఉద్యోగం వదలండి

మా వాడి ఫుటీ (ఆస్ట్రేలియా మార్కు ఫుట్‌బాల్) కోచ్‌ని పేరెంట్సంతా కలిసి ఇండిపెండెంట్‌గా నిలబడమని ఒకటే ఎగదోస్తున్నారు. మంచోడే, కానీ గవర్నమెంట్ స్కూల్లో టీచరు, అది వినగానే నాకు ఫిల్ క్లియరీ గుర్తొచ్చాడు.

మెల్‌బోర్న్‌లో కోబర్గ్ టీమ్‌కి 1988, 89లో వరసగా కప్పు కొట్టించిన కోచ్ ఈయన. 1992లో మాజీ ప్రధాని బాబ్ హాక్ ఖాళీ చేసిన విల్స్ సీటుకి బైఎలక్షన్ వస్తే 22 మంది పోటీలో ఈయనే గెలిచాడు, తీరా నవంబర్‌లో హైకోర్టు (అక్కడ అదే పెద్ద కోర్టు) ఆ ఎన్నికే చెల్లదంది. ఎందుకంటే ఆయన గవర్నమెంట్ టీచరు, జీతం లేని సెలవులో ఉన్నాడంతే, రిజైన్ చేసింది పోలింగ్ అయ్యాక. రాజ్యాంగం 44వ సెక్షన్ ప్రకారం నామినేషన్ నాటికే సర్కారు కొలువు వదిలేసి ఉండాలట. సెలవు పెట్టాగా అంటే కుదరదు.

సో మొదటి పని అదే, రిజైన్ లెటర్ ఇచ్చి అది అమల్లోకొచ్చాకే నామినేషన్. కౌన్సిల్ జీతమో స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ జీతమో అయితే లాయర్‌ని అడగండి, కక్కుర్తి పడొద్దు.

తర్వాత పౌరసత్వం. అదే తీర్పులో లేబర్, లిబరల్ క్యాండిడేట్లు కూడా గ్రీస్, స్విట్జర్లాండ్ పౌరసత్వం సరిగ్గా వదులుకోలేదని అనర్హులయ్యారు. మనవాళ్లకి ఆస్ట్రేలియా సిటిజన్‌షిప్ తీసుకోగానే ఇండియాది పోతుంది, ఓసీఐ కార్డు పేరులో సిటిజన్ అని ఉన్నా అది పౌరసత్వం కాదు, అయినా కాగితాలన్నీ చేతిలో పెట్టుకోండి. పీఆర్ (శాశ్వత నివాస వీసా) వాళ్లకి ఛాన్సే లేదు.

ఇండిపెండెంట్ అయితే 100 మంది ఓటర్ల సంతకాలు కావాలి, అదీ మీ నియోజకవర్గం వాళ్లవే. ఇక్కడే కోచ్‌లు బోల్తా పడతారు, శనివారం మ్యాచ్ టైమ్‌లో గ్రౌండ్ క్యాంటీన్ దగ్గర ప్యాడ్ పట్టుకుని నిలబడితే సంతకాలు బోలెడొస్తాయి గానీ సగం మంది పక్క సీటు ఓటర్లే ఉంటారు, అడ్రస్ అడిగి రాయించుకోండి, ఓ 30 ఎక్స్‌ట్రా పెట్టుకోండి. డిపాజిట్ 2,000 డాలర్లు, 4 శాతం ఓట్లొస్తే వెనక్కిస్తారు.

ఓటరు తన ఇష్టం వరసలో ప్రతి పేరు పక్కనా నంబరు వేయాలి, విల్స్‌లో అయితే 1 నుంచి 22 దాకా వేశారు పాపం. క్లియరీకి మొదటి నంబరు ఓట్లు దాదాపు మూడో వంతే, మిగతా పార్టీల వాళ్లు రెండో నంబరో మూడో నంబరో ఇవ్వబట్టి, వెనకబడ్డ క్యాండిడేట్లు తప్పుకున్నాక ఆ ఓట్లు ఈయనకి చేరి గట్టెక్కాడు. కాబట్టి ఎవర్నీ తిట్టకండి, ప్రత్యర్థి టీమ్ పేరెంట్స్‌ని అసలు తిట్టకండి.

అన్నట్టు 1993లో క్లియరీ మళ్లీ నిలబడి మళ్లీ గెలిచాడు, 96లో ఓడాడు.

పోలింగ్ రోజు బూత్ గుమ్మానికి 6 మీటర్ల లోపల ప్రచారం చేయకూడదు, హౌ టు ఓట్ కార్డులు (ఎవరి పక్కన ఏ నంబరు వేయాలో చూపే చీటీలు) ఆ బయటే పంచాలి. బూత్ దగ్గర అమ్మే సాసేజ్ తినేవాళ్ల చేతిలో మాత్రం పెట్టకండి, ఆ కార్డుతోనే సాస్ తుడుచుకుంటారు.