ఎకో చూపించింది కదా అని నమ్మొద్దు

పర్లాకిమిడిలో మా షాపు లినక్స్ కంప్యూటర్ ముందు నిన్న గంటసేపు తల పట్టుకున్నాను. ఆదేశాలు టైపు చేసే కిటికీ, అదే టెర్మినల్‌లో, వేరియబుల్‌కి, అంటే విలువను దాచుకునే పేరుకి, ఒక విలువ ఇచ్చాను. విలువను తెరపై చూపే ఎకో ఆదేశం కొట్టి, పేరు ముందు డాలర్ గుర్తు పెట్టి అడిగితే చక్కగా చూపిస్తోంది. బిల్లుల స్క్రిప్టుకి (ఆదేశాలు రాసి పెట్టుకున్న ఫైలుకి) మాత్రం కనబడదు! విలువ ఇచ్చేటప్పుడు పేరు ముందు ఎక్స్‌పోర్ట్ అని రాయలేదు, అంతే. అది లేకపోతే ఆ విలువ ఆ షెల్ (మనం టైపు చేసిన ఆదేశాలను నడిపే ప్రోగ్రాం) గడప దాటదు. అందుకే ఎక్స్‌పోర్ట్ అయిన విలువలనే చూపే ప్రింట్‌ఎన్వ్ ఆదేశం పక్కన పేరు రాసి చూడండి. ఏమీ రాకపోతే ఎక్స్‌పోర్ట్ కాలేదన్నమాట. సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలొద్దు, ఎర్రర్ కొడుతుంది. టెర్మినల్ మూసినా, మా ఊళ్లోలా కరెంటు పోయినా ఇదంతా మాయం కాబట్టి, ఎక్స్‌పోర్ట్‌తో రాసిన ఆ లైనునే, టెర్మినల్ తెరిచినప్పుడల్లా షెల్ చదివే ఫైలు, అంటే హోమ్ ఫోల్డర్‌లోని డాట్ బాష్‌ఆర్‌సీ చివర పెట్టేశాను. ఆదేశాలను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ అనే వేరియబుల్‌ని మారుస్తుంటే మాత్రం దాని పాత విలువను కూడా కలపండి. లేదంటే ఆఖరికి ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ ఆదేశం కూడా దొరకదు.