పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 వేసే ముందు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. మైక్రోసాఫ్ట్ లెక్కలో విండోస్ 11కి అర్హత లేని మెషీన్‌లో రూఫస్ (ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ తయారుచేసే ఉచిత టూల్) పెన్‌డ్రైవ్‌తో 11 ఎక్కించాలనుకునే శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• ఫైళ్లు బయటి డిస్క్‌లోకి తీయండి. డి డ్రైవ్‌లో ఉన్నాయిలే అనుకోవద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే పార్టిషన్ల (డిస్క్ భాగాల) జాబితాలో డిలీట్ తప్పుగా నొక్కితే పెళ్లి ఫొటోలు, పాస్‌బుక్ స్కాన్లు అన్నీ పోతాయి. కాపీ అయ్యాక వేరే కంప్యూటర్‌లో రెండు మూడు తెరిచి చూడండి.

• బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉందా? 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అది అడిగినప్పుడు లేకపోతే డిస్క్‌లోని డేటా మీద ఆశ వదులుకోవడమే.

• ప్రాసెసర్ పాత ఇంటెల్ కోర్ 2 డ్యుయో అయితే అసలు మొదలుపెట్టకండి, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ బూట్ కాదు. దానికి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నయం.

• తుపాను హెచ్చరిక ఉన్న రోజు వద్దు. పాత బ్యాటరీ నిలవదు, మధ్యలో కరెంటు పోతే ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగుతుంది.

• డీటీపీ షాపుల వాళ్లూ, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కీ, పాత ప్రింటర్ డ్రైవర్ దొరుకుతాయో లేదో ముందే చూసుకోండి. పెళ్లి కార్డుల సీజన్‌లో ఈ టెన్షన్ ఎందుకు?

• వైఫై పట్టకపోతే ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్ (కేబుల్‌తో ఫోన్ నెట్ కంప్యూటర్‌కి ఇవ్వడం) వాడండి.

• ఇలా 11 వేసిన అర్హత లేని మెషీన్‌కి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. బ్యాంకు పనులకు ఆ మెషీన్ వాడకండి.