మెర్సెన్ నంబర్ ప్రైమా కాదా ఎలా తేల్చాలి

2 పవర్ పి మైనస్ 1 రూపంలో ఉన్న పెద్ద నంబర్, అంటే మెర్సెన్ నంబర్, ప్రైమో కాదో చూడ్డానికి ఒక్కో ప్రైమ్‌తో భాగించుకుంటూ కూర్చోనక్కర్లేదండి, లూకాస్-లెమర్ టెస్ట్ చాలు. పి బేసి ప్రైమ్ అయ్యుండాలి. 4తో మొదలెట్టి, స్క్వేర్ చేసి 2 తీసేసి, మన నంబర్‌తో భాగించగా మిగిలిన శేషమే ఉంచుకోవాలి, ఇలా పి మైనస్ 2 సార్లు చేశాక సున్నా వస్తే ప్రైమ్, ఇంకేం వచ్చినా కాదు.

127కి పి 7, అంటే 5 సార్లు. 4 నుంచి 14, తర్వాత 194లో 127 పోతే 67, ఆపైన 42, 111, చివరికి 111 స్క్వేర్‌లో 2 తీస్తే 12319, అది సరిగ్గా 127 ఇంటూ 97, శేషం సున్నా! నాకైతే ఇది ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది.

పి ప్రైమ్ కదా అని టెస్ట్ మానేయకండి, పి 11 పెడితే వచ్చే 2047 అంటే 23 ఇంటూ 89. 2024లో దొరికిన 2 పవర్ 136279841 మైనస్ 1కి 4 కోట్లకు పైగా అంకెలున్నాయి, దాన్నీ ఈ టెస్ట్‌తోనే ఖాయం చేశారు.