కార్డు నెట్‌వర్క్ ఏది, ఓటీపీ అడిగేది ఎవరు: ఆన్‌లైన్ చెల్లింపుల్లో తనిఖీలను గుర్తుపట్టడం ఎలా?

వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ మనకు నేరుగా కార్డు ఇవ్వవు. కార్డు ఇచ్చేది బ్యాంకు. అమ్మేవాళ్ల తరఫున డబ్బు అందుకునేది ఇంకో బ్యాంకు. ఈ రెండింటి మధ్య సమాచారం చేరవేసి, లెక్కలు తేల్చి, గొడవ వస్తే నష్టం ఎవరు భరించాలో రూలు పెట్టేది నెట్‌వర్క్, అంటే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ దారి కాస్త వేరు. చాలాచోట్ల కార్డు ఇచ్చేదీ, నెట్‌వర్క్ నడిపేదీ తనే. ఈ సంగతి తెలిస్తే పేమెంట్ పేజీలో కనిపించే ప్రతి పెట్టె ఎవరి కోసమో తెలుస్తుంది. పని ఆగిపోయినప్పుడు ఎవర్ని అడగాలో కూడా తెలుస్తుంది.

1. ముందు నంబరు చూడండి

లోగో చూస్తే చాలు కదా అంటారా? మనకు చాలు. వెబ్‌సైటుకు కనిపించేది నంబరే. 4తో మొదలైతే వీసా. 51 నుంచి 55 వరకు మాస్టర్‌కార్డ్. అవి చాలక 2221 నుంచి 2720 వరకు ఉన్న వరుస కూడా దానికే కేటాయించారు. 34, 37 అయితే అమెరికన్ ఎక్స్‌ప్రెస్. 3528 నుంచి 3589 వరకు జపాన్ నెట్‌వర్క్ జేసీబీ. 60, 65 దగ్గర మాత్రం అమెరికా నెట్‌వర్క్ డిస్కవర్ కార్డులూ ఉన్నాయి, రూపే కార్డులూ ఉన్నాయి. అక్కడ మొదటి రెండంకెలతో తేలదు. నంబరు సగం కొట్టేలోపే పక్కన లోగో ప్రత్యక్షమయ్యేది ఈ లెక్కతోనే. సైటుకు మన సంగతులేవో తెలిసిపోయాయని టెన్షన్ పడక్కర్లేదు.

చివరి అంకెకు వేరే పని ఉంది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ కనిపెట్టిన పద్ధతిలో, మిగతా అంకెలతో లెక్క వేస్తే ఆ అంకె రావాలి. ఎక్కడైనా ఒక్క అంకె తప్పు కొట్టినా లెక్క తప్పుతుంది. అప్పుడు సైటు బ్యాంకును అడగకుండానే ‘నంబరు చెల్లదు’ అంటుంది. ఆ మెసేజ్ వస్తే బ్యాంకుకు ఫోన్ చేయకండి, నంబరు సరిచూసుకుని మళ్లీ కొట్టండి. ఇది పొరపాట్లు పట్టడానికే తప్ప దొంగల్ని ఆపడానికి కాదు.

2. సీవీవీ ఎక్కడుందో, ఎందుకుందో తెలుసుకోండి

వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులకు వెనక మూడంకెలు, అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌కు ముందువైపు నాలుగంకెలు. కార్డు మీ చేతిలో ఉందనడానికి ఇదొక ఆనవాలు. కార్డు వెనక నల్లపట్టీలో ఉండే కోడ్ వేరు, అచ్చు వేసిన ఈ కోడ్ వేరు. పట్టీలోని సమాచారాన్ని ఎవరైనా కాపీ చేసినా ఈ మూడంకెలు అందులో ఉండవు.

చెల్లింపు అనుమతి వచ్చాక సీవీవీని దాచుకోకూడదని కార్డు పరిశ్రమ భద్రతా ప్రమాణం, అంటే పీసీఐ డీఎస్ఎస్, అమ్మేవాళ్లకు నిషేధం పెట్టింది. కార్డు సేవ్ చేసి ఉన్నా చాలా సైట్లు ప్రతిసారీ సీవీవీ అడిగేది అందుకే. అసలు అడగని సైట్లూ ఉన్నాయి, ఆ రిస్క్ వాళ్లది. ఫోన్లోనో మెయిల్లోనో సీవీవీ రాసి పంపమనేవాళ్ల దగ్గర మాత్రం ఏమీ కొనకండి.

3. అడ్రస్ బ్యాంకులో ఉన్నట్టే రాయండి

అమెరికా, కెనడా, బ్రిటన్ సైట్లలో ఇది ముఖ్యం. బిల్లింగ్ అడ్రస్‌లోని ఇంటి నంబరునూ పోస్టల్ కోడ్‌నూ బ్యాంకు రికార్డుతో పోల్చి చూస్తారు. తేడా వస్తే ఖాతాలో డబ్బున్నా అమ్మేవాళ్లు వద్దనవచ్చు. సరుకు చేరాల్సిన అడ్రస్ వేరే పెట్టెలో రాయండి.

4. ఓటీపీ పేజీని చదివాకే ఓటీపీ కొట్టండి

అసలైన తనిఖీ ఇదే. వీసా సెక్యూర్, మాస్టర్‌కార్డ్ ఐడెంటిటీ చెక్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ సేఫ్‌కీ... బయట పేర్లు వేరు, లోపల పద్ధతి ఒకటే. దాన్ని త్రీడీ సెక్యూర్ అంటారు. పాతరోజుల్లో దీనికో ప్రత్యేక పాస్‌వర్డ్ పెట్టుకోవాల్సి వచ్చేది. అది గుర్తురాక కొనడమే మానుకునేవాళ్లు. పెద్ద అంతర్జాతీయ నెట్‌వర్క్‌లు కలిసి నడిపే ఈఎంవీకో అనే సంస్థ 2016లో దీనికి కొత్త రూపం తెచ్చింది.

ఇప్పుడు మీరు ‘పే’ నొక్కగానే ఏ ఫోన్, ఏ బ్రౌజర్, ఎంత మొత్తం, సరుకు ఎక్కడికి లాంటి వివరాలు మీ బ్యాంకుకు వెళ్తాయి. అంతా మామూలుగానే ఉందనిపిస్తే, ఆ దేశం నిబంధనలు ఒప్పుకుంటే, బ్యాంకు మిమ్మల్ని ఏమీ అడగకుండా సరే అనేయగలదు. అనుమానం వస్తేనే ఓటీపీ, యాప్‌లో ఆమోదం, వేలిముద్ర. ఒకే సైటులో, ఒకే నెట్‌వర్క్ కార్డులతో కొన్న ఇద్దరిలో ఒకరికి ఓటీపీ వచ్చి ఇంకొకరికి రాకపోవడంలో వింతేమీ లేదు. అది లోగోను బట్టి కాదు, బ్యాంకు నిర్ణయాన్ని బట్టి.

దేశాల చట్టాలు కూడా ఇందులో కలుస్తాయి. భారత రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు నుంచే ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో తనిఖీ తప్పనిసరి చేసింది. ఐరోపాలో 2019 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం మీకు తెలిసినది, మీ దగ్గరున్నది, మీ శరీరానికి చెందినది అనే మూడింట్లో రెండు చూపాలి. అమెరికాలో అలాంటి చట్టం లేదు. అందుకే విదేశీ సైటులో ఓటీపీ లేకుండానే డబ్బు కట్ అయితే అది మోసమని వెంటనే అనుకోకండి. కానీ కార్డు నంబరు దొంగ చేతిలో పడితే అతను వెతికేదీ అలాంటి సైట్లనే. బ్యాంకు యాప్‌లో విదేశీ చెల్లింపుల స్విచ్ ఉంటే అవసరమైనప్పుడే ఆన్ చేయండి.

ఓటీపీ మెసేజ్‌లో మొత్తం, అమ్మేవాళ్ల పేరు సాధారణంగా ఉంటాయి. వాటిని చదవకుండా చివరి ఆరంకెలు మాత్రం చూసి కొట్టేయడం మనలో చాలామందికి అలవాటు. మోసగాళ్లు ఆధారపడేది సరిగ్గా దీనిమీదే. ‘రీఫండ్ వేస్తాం, ఓటీపీ చెప్పండి’ అన్నప్పుడు ఆ మెసేజ్ పూర్తిగా చదివితే, అది మీ ఖాతాలోంచి డబ్బు తీయడానికి వచ్చిందని అందులోనే రాసి ఉంటుంది.

5. గొడవ వస్తే కారణం సరిగ్గా ఎంచుకోండి

ఫిర్యాదు కార్డు ఇచ్చిన బ్యాంకుకే చేయాలి. నెట్‌వర్క్ రూల్స్ ప్రకారం డబ్బు వెనక్కి అడిగే ఈ ప్రక్రియను చార్జ్‌బ్యాక్ అంటారు. దానికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి. ‘ఈ లావాదేవీ నేను చేయలేదు’ అన్నది ఒక కారణం, ‘కొన్న వస్తువు రాలేదు’ అన్నది ఇంకో కారణం. త్రీడీ సెక్యూర్ జరిగి ఉంటే మొదటి కారణంతో వచ్చే నష్టం సాధారణంగా అమ్మేవాళ్ల మీద నుంచి మీ బ్యాంకు మీదకి మారుతుంది. కాబట్టి మీరు ఓటీపీ కొట్టిన లావాదేవీని చేయలేదంటే బ్యాంకు గట్టిగా వాదిస్తుంది. రెండో కారణానికి ఓటీపీతో సంబంధం లేదు. మీరే కట్టినా, వస్తువు రాకపోతే అడిగే దారి తెరిచే ఉంటుంది. ఆర్డర్ వివరాలు, అమ్మినవాళ్లతో జరిగిన మెసేజ్‌లు జతచేసి ఆ కారణంతోనే అడగండి.