కలుపు మందు ఎప్పుడు, ఎంత, ఎలా కొట్టాలి? సమగ్ర కలుపు యాజమాన్యంలో మందు వాడే పద్ధతి

చేలో కలుపు మోకాలెత్తు పెరిగాక "దీనికి ఏ మందు కొట్టాలి?" అని అడిగేవాళ్లే ఎక్కువ. అప్పటికి పంటకు జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. మూడు నాలుగు నెలల పంటల్లో సుమారు తొలి 30 నుంచి 40 రోజులు చేను శుభ్రంగా ఉంటే, తర్వాత మొలిచే కలుపును పంటే తన నీడతో అణచుకుంటుంది. కాబట్టి మందు ఆలోచన విత్తడానికి ముందే మొదలవ్వాలి. అంతకంటే ముందు, మందు అవసరమే తగ్గేలా చూసుకోవాలి.

1. మీ చేలో ఏ కలుపు ఉందో తెలుసుకోండి

పేర్లన్నీ తెలియకపోయినా ఫర్వాలేదు. గడ్డిజాతి, తుంగజాతి, వెడల్పాకు అని మూడు రకాలుగా విడదీయగలిగితే చాలు. తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలుగా తగులుతుంది. గడ్డి కాడ గుండ్రంగానో బల్లపరుపుగానో ఉండి, కణుపులు కనిపిస్తాయి. ఈ తేడా ఎందుకంటే, క్విజలోఫాప్ లాంటి మందు గడ్డిజాతిని మాత్రమే చంపుతుంది, వెడల్పాకు కలుపును ముట్టుకోదు. 2,4-డి ఎక్కువగా వెడల్పాకు మొక్కల మీద పనిచేస్తుంది, గడ్డిని వదిలేస్తుంది.

తర్వాత చూడాల్సింది ఏడాదిలోపే బతుకు ముగించే ఏకవార్షికమా, ఏళ్ల తరబడి బతికే బహువార్షికమా అన్నది. విత్తనంతో మొలిచే ఊదకు ఒక దారి, నేలలో గడ్డలతో బతికే తుంగకు, తీగలా పాకే గరికకు మరో దారి. గరిక ఉన్న చేలో రోటవేటర్ తిప్పితే దాన్ని ముక్కలు చేసి చేనంతా నాటినట్టే.

2. మందు లేకుండా ఎంత తగ్గించవచ్చో అంత తగ్గించండి

అన్నిటికంటే చవకైన పని, విత్తే ముందే కలుపును మొలిపించి చంపడం. నేల తయారుచేసి, తడి పెట్టో వానకు ఆగో, 10–15 రోజులు వదిలేయండి. పై పొరలోని కలుపు గింజలు మొలుస్తాయి. వాటిని పైపైన గుంటక తోలి చంపి, నేలను మళ్లీ లోతుగా కదపకుండా పంట విత్తండి. లోతుగా దున్నితే అడుగున నిద్రపోతున్న గింజలను పైకి తెచ్చుకున్నట్టే, చేసిన పని వృథా అవుతుంది.

కలుపు గింజలు లేని విత్తనం, బాగా మాగిన పశువుల ఎరువు, ఒక చేను నుంచి మరో చేనుకు వెళ్లే ముందు పనిముట్లు కడగడం, పంట మార్పిడి, వరుసలు త్వరగా కమ్ముకునే సాళ్ల దూరం, అంతరకృషి అందరికీ తెలిసినవే, అందుకే అందరూ వదిలేసేవీ ఇవే. కలుపు పల్చగా ఉంటే మందు ప్రతి మొక్కకూ అందుతుంది, మందుకు లొంగని నిరోధక శక్తి ఉన్న మొక్క తగిలే అవకాశమూ తగ్గుతుంది. పచ్చిక బయలులా కమ్మిన చోట ఎంత మంచి మందైనా తడబడుతుంది.

3. మొలకముందు మందా, మొలిచాక మందా?

పెండిమిథాలిన్ లాంటి మొలకముందు మందులు నేల పైపొరలో సన్నని పొరలా నిలిచి, మొలకెత్తే కలుపును అక్కడే ఆపుతాయి. దీనికి మూడు షరతులు: నేలలో తేమ ఉండాలి, పెళ్లలు ఉండకూడదు, కొట్టాక కొన్నాళ్లు ఆ పొరను కదపకూడదు. అందుకే కొట్టేవాళ్లు వెనక్కి నడుస్తూ కొట్టడం మేలు. పొడి నేలలో కొడితే మందు అక్కడే పడి ఉంటుంది, కలుపు హాయిగా మొలుస్తుంది. అప్పటికే మొలిచి నిలదొక్కుకున్న మొక్కను ఇవి చంపవు. గడ్డల నుంచి లేచే తుంగను కూడా చాలావరకు ఆపలేవు.

మొలిచాక కొట్టే మందుకు కలుపు వయసే కీలకం. సాధారణంగా 2 నుంచి 4 ఆకుల దశలో కొట్టాలి. గరిక, తుంగ లాంటి బహువార్షికాల మీద గ్లైఫోసేట్‌కు మాత్రం లెక్క వేరు. మందు ఆకు నుంచి కిందికి దిగి వేరును చంపాలి కాబట్టి, పీల్చుకోవడానికి తగినంత ఆకు ఉండాలి. ఇది పంటను కూడా చంపుతుంది, కనుక పంట లేనప్పుడే కొట్టాలి. ఎండకు వాడి ముడుచుకున్న కలుపు మీద ఏ మందూ సరిగా దిగదు. తడి ఇచ్చి, మొక్క తేరుకున్నాక కొట్టండి.

4. కొట్టే ముందు పంపును కొలవండి

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. "ట్యాంకుకు రెండు మూతలు" అన్నది కొలత కాదు.

20 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు చోటు గుర్తు పెట్టుకోండి. అది 100 చదరపు మీటర్లు, ఎకరంలో సుమారు నలభయ్యో వంతు. ట్యాంకులో గుర్తు దాకా మంచినీళ్లు పోసి, మీ మామూలు నడకతో ఆ చోటంతా కొట్టండి. మళ్లీ అదే గుర్తు దాకా నింపడానికి ఎన్ని నీళ్లు పట్టాయో కొలవండి. 5 లీటర్లు పట్టాయంటే ఎకరానికి 200 లీటర్లు. ట్యాంకు 16 లీటర్లదైతే పన్నెండున్నర ట్యాంకులు. లేబుల్ మీద ఎకరానికి 1 లీటరు మందు అని ఉంటే ట్యాంకుకు 80 మిల్లీలీటర్లు.

ఇప్పుడు వేగంగా నడిచే ఇంకొకరు అదే పంపు మోశారనుకోండి. ఆ చోటుకు 4 లీటర్లే పడతాయి, ఎకరం 10 ట్యాంకులకే అయిపోతుంది. అదే 80 మిల్లీలీటర్లు కలిపితే ఎకరానికి పడింది 800, అంటే అయిదో వంతు తక్కువ. నెమ్మదిగా నడిచి 6 లీటర్లు వాడితే 15 ట్యాంకులు, 1,200 మిల్లీలీటర్లు, పంటే మాడవచ్చు. అందుకే ఎవరు కొడతారో వాళ్ల నడకతోనే కొలవాలి.

కలుపు మందుకు ఫ్లాట్ ఫ్యాన్ లేదా ఫ్లడ్ జెట్ నాజిల్ వాడండి. పురుగు మందుకు వాడే కోన్ నాజిల్ సన్నని తుంపరలు వేస్తుంది, అవి గాలికి కొట్టుకుపోతాయి. లాన్స్‌ను (చివర నాజిల్ ఉండే గొట్టాన్ని) అటూ ఇటూ ఊపకుండా, ఒకే ఎత్తులో పట్టుకుని నడవండి. బురద నీళ్లు వాడవద్దు. గ్లైఫోసేట్, పారాక్వాట్ మట్టి రేణువులకు అతుక్కుని పనికిరాకుండా పోతాయి.

5. కొట్టే రోజు

గాలి బలంగా ఉంటే ఆగండి. ఆకు కూడా కదలని తెల్లవారుజాము కూడా మంచిది కాదు. అలాంటప్పుడు సన్నని తుంపర నేలకు దిగకుండా తేలుతూ ఎక్కడికో పోతుంది. చల్లటి పూట, పిల్లగాలి, అది కూడా పక్క పంట వైపు వీచనప్పుడు కొట్టాలి. పక్కన పత్తి, టమాటా, ద్రాక్ష ఉంటే 2,4-డి జోలికి పోకపోవడమే నయం. కొద్దిపాటి తుంపరకే వాటి ఆకులు మెలి తిరుగుతాయి.

చేతి తొడుగులు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా, బూట్లు ముఖ్యంగా మందు కలిపేటప్పుడు ఉండాలి. చిక్కని మందు ఒంటిమీద పడేది అప్పుడే. పారాక్వాట్ మింగితే విరుగుడు లేదు. ఏ మందునూ నీళ్ల సీసాలోకో కూల్‌డ్రింక్ సీసాలోకో మార్చవద్దు.

రెండు మందులు కలిపితే పని ఒక్కసారిలో అయిపోతుందన్న ఆశ సహజం. కానీ 2,4-డితో కలిపినప్పుడు గడ్డిజాతిని చంపే మందు పదును చాలాసార్లు తగ్గుతుంది. లేబుల్ అనుమతించని కలయిక చేయకండి. పని అయ్యాక పంపును మూడుసార్లు కడగండి. వీలైతే కలుపు మందుకు వేరే పంపే ఉంచుకోండి.

6. రెండు వారాల తర్వాత మళ్లీ చేలోకి వెళ్లండి

మందు కొట్టి అటు చూడనివాళ్లే ఎక్కువ. నా లెక్కలో మాత్రం అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. బతికిన కలుపు వరుసగా చారలా ఉంటే నాజిల్‌దో నడకదో తప్పు. అన్ని రకాలూ చేనంతా బతికితే మోతాదు, వాతావరణం, కలుపు వయసు చూసుకోండి. ఒకే రకం కలుపులో, చచ్చిన మొక్క పక్కనే పచ్చటి మొక్క నిలబడి ఉంటే, అనుమానించాల్సింది నిరోధక శక్తిని.

ఇది అరుదైన సంగతేమీ కాదు. 1982లో మార్కెట్లోకి వచ్చిన క్లోర్‌సల్ఫ్యూరాన్ అనే కలుపు మందుకు, 1987 నాటికే అమెరికాలోని ఐడహోలో ఒక కలుపు లొంగడం మానేసింది. ఆ మందు కొత్తగా నిరోధకతను పుట్టించలేదు. లక్షల్లో ఎక్కడో ఉన్న ఒకటీ అరా మొక్కలను మిగిల్చి, మిగతావాటిని తుడిచి, ఆ మిగిలినవాటికి చోటిచ్చింది. అలా మిగిలిన మొక్కలను గింజ కట్టకముందే చేత్తో పీకి చేను బయట వేయండి. తోటకూర జాతి కలుపు మొక్క ఒక్కటే లక్షకు పైగా గింజలు రాల్చగలదు.

వచ్చే పంటకు మందు మార్చేటప్పుడు డబ్బా మీద పేరు కాదు, అది పనిచేసే తీరును సూచించే గ్రూపు నంబరు చూడండి. బిస్పైరిబాక్, పైరజోసల్ఫ్యూరాన్ పేర్లు వేరైనా రెండూ గ్రూపు 2. ఒకదాని బదులు ఇంకొకటి కొట్టడం మార్చినట్టు కాదు. పెండిమిథాలిన్ గ్రూపు 3, ప్రెటిలాక్లోర్ గ్రూపు 15. అలా గ్రూపు మారితేనే మార్పు. ఏ చేలో, ఏ తేదీన, ఏ మందు, ఎంత కొట్టారో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

ఆ నోట్‌బుక్ ఇంకో అవసరానికి కూడా పనికొస్తుంది. అట్రజిన్, ఇమాజితాపిర్ లాంటివి నేలలో నిలిచి తర్వాతి పంటను దెబ్బతీయగలవు. అనుమానం ఉంటే చేలో నాలుగైదు చోట్ల నుంచి పైమట్టి తీసి ఒక కుండీలో, మందు పడని గట్టు దగ్గరి మట్టి ఇంకో కుండీలో నింపి, వేయబోయే పంట గింజలు పది పదిహేను చొప్పున రెండింట్లోనూ విత్తండి. రెండు మూడు వారాలు గమనించండి. చేని మట్టిలో మొలకలు పాలిపోయినా, వేళ్లు గిడసబారినా, ఆ పంటను వాయిదా వేయండి, లేదా ఆ మందును తట్టుకునే పంట వేసుకోండి.