ఊరి ఆర్వో ప్లాంటు మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి?

నల్గొండ వైపు ఫ్లోరైడ్ ఊళ్లలో పంచాయతీ, మహిళా సంఘాలు, దాతలు కలిసి పెట్టుకున్న ఆర్వో ప్లాంట్లు చాలానే ఉన్నాయి. ఏ తేడా వచ్చినా మెకానిక్ నోట ముందు వచ్చే మాట "మెంబ్రేన్ పోయింది". మెంబ్రేన్ అంటే నీళ్లలోని లవణాలను ఆపే పొర. కొత్తదానికి డబ్బులు కట్టే ముందు ఇవి చూసుకోండి.

నీళ్లు సన్నగా వస్తున్నాయి

కార్ట్రిడ్జ్ ఫిల్టర్‌కు (నీళ్లు మెంబ్రేన్‌కు చేరేముందు మట్టిని ఆపేది) ముందూ వెనకా ఉన్న ప్రెషర్ గేజ్‌లు చూడండి. రెండింటికీ తేడా మామూలు కన్నా బాగా పెరిగితే కార్ట్రిడ్జ్ మూసుకుపోయినట్టే. విప్పితే తెల్లగా ఉండాల్సింది ఎర్రమట్టి రంగులో, చేతికి జిగటగా తగులుతుంది. కడిగి మళ్లీ బిగించే అలవాటు చాలా ఊళ్లలో ఉంది, అది వద్దు. కొత్తది వేయండి, పెద్ద ఖర్చేం కాదు. ఇసుక ఫిల్టర్‌కు బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి పంపి కడగడం) సరిగ్గా ఇస్తున్నారో లేదో ఆపరేటర్‌ని అడగండి.

గేజ్‌లు బాగానే ఉంటే యాంటీస్కేలెంట్ (సున్నం పేరుకోకుండా నీళ్లలో కలిపే మందు) డబ్బా చూడండి. అది చాన్నాళ్లుగా ఖాళీగా ఉంటే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుని ఉంటుంది. ముదరకముందే యాసిడ్ క్లీనింగ్ చేయిస్తే చాలావరకు తేరుకుంటుంది.

నీళ్లు ఉప్పగా మారాయి

ఒక్కో మెంబ్రేన్ గొట్టం నుంచి వచ్చే నీళ్లను విడిగా పట్టి టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) మీటర్‌తో చూడండి. ఎక్కువ చూపించిన దాంట్లోనే లోపం. చాలాసార్లు ఓ-రింగ్ (అతుకు దగ్గర నీళ్లు కారకుండా ఉండే రబ్బరు చుట్టు) తెగి ఉంటుంది. క్లోరిన్ కలిపిన నీళ్లు ప్లాంటుకు వస్తుంటే కార్బన్ ఫిల్టర్ మీదా ఓ కన్నేయండి. కార్బన్ అయిపోతే క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది.

టీడీఎస్ బాగుంది, అయినా విరేచనాలు

మీటర్ చూపేది కరిగిన లవణాల మొత్తాన్నే. క్రిములు దానికి కనపడవు. (టీడీఎస్ లీటరుకు 50 మిల్లీగ్రాములు ఉంటేనే మంచినీళ్లనుకోవడం వట్టి భ్రమ. 500 దాకా ప్రమాణం ఒప్పుకుంటుంది.) హెచ్2ఎస్ సీసాలో (క్రిములున్నాయో లేదో చూపే పరీక్ష సీసా) నీళ్లు పట్టి ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే కలుషితమైనట్టే. తప్పు ఎక్కువగా మిషన్ తర్వాతే ఉంటుంది: మూత లేని ట్యాంకు, పాచి పట్టిన కుళాయి, లోపల ఎన్నడూ తోమని క్యాన్లు. ట్యాంకును బ్లీచింగ్‌తో కడిగించండి. క్రిములను చంపే యూవీ దీపం నీలంగా వెలుగుతున్నా ఏడాదికి శక్తి తగ్గుతుంది, మార్చాలి. ఫ్లోరైడ్‌కు విడిగా పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ప్లాంటుకు తాళం పడింది

ఇక్కడ మిషన్ తప్పేం లేదు. క్యాన్ల డబ్బులు కరెంటు బిల్లుకు, ఆపరేటర్ జీతానికే సరిపోయి, మెంబ్రేన్ మార్చే రోజుకు చేతిలో పైసా ఉండదు. క్యాన్‌కు ఇంత అని విడి ఖాతాలో వేయండి. ఇద్దరి సంతకాలు ఉంటేనే తీసేలా పెట్టుకోండి. నెల లెక్క ప్లాంటు గోడ మీద రాయండి.