టెస్టోస్టిరాన్ వాడుతూ పిల్లల కోసం చూస్తున్నారా? ముందు ఈ పనులు చేయండి

విశాఖ రామ్‌నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా దగ్గర కొన్ని వీర్య పరీక్షలు భలే విచిత్రంగా వస్తాయి. మనిషి కండలు తిరిగి ఉంటాడు, రక్తంలో టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) పుష్కలంగా ఉంటుంది, మైక్రోస్కోప్ కింద మాత్రం శుక్రకణం ఒక్కటీ కనిపించదు. శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన కాస్త మడ్డిని స్లైడ్ మీద వేసి మూలమూలా వెతుకుతాం. అయినా ఖాళీయే. "ఇంజక్షన్లేమైనా వాడుతున్నారా సార్?" అంటే అప్పుడు చెప్తారు: ఒకరికి నీరసానికి డాక్టరు రాశారు, ఇంకొకరికి జిమ్‌లో కోచ్ ఇచ్చాడు.

జరిగేది ఇదీ. టెస్టోస్టిరాన్ మందు బయటి నుంచి వచ్చిపడుతుంటే, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లను దాదాపు ఆపేస్తుంది. వాటి ఆజ్ఞ లేనిదే వృషణాలు పనిచేయవు. శుక్రకణాలు తయారవ్వాలంటే వృషణాల లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి, సూది మందు ఆ లోటు తీర్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే ఇంజక్షన్‌ను వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున మగవాళ్ల గర్భనిరోధకంగా పరీక్షించారు. సగానికి పైగా మందికి శుక్రకణాల కౌంట్ సున్నాకి వచ్చేసింది. పిల్లల కోసం చూస్తూ దీన్ని వాడటమంటే ఏమిటో మీరే ఆలోచించండి.

అలాగని ఈ రాత్రే సొంతంగా మానేయకండి. ఎండోక్రైనాలజిస్టునో (హార్మోన్ల డాక్టరు), ఆండ్రాలజీ (మగవాళ్ల సంతాన సమస్యలు) చూసే యూరాలజిస్టునో కలవండి. వెళ్లేటప్పుడు మందు పెట్టె, డోసు, చివరి సూది తేదీ పట్టుకెళ్లండి. జిమ్ మందైనా దాచకండి, డాక్టరు తిట్టినా నష్టమేం లేదు. ఉదయం పది లోపు టెస్టోస్టిరాన్, దాంతోపాటు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే ఇంకో పిట్యూటరీ హార్మోన్, సీబీసీ (రక్తకణాల లెక్క) చేయిస్తారు. పుట్టుకతోనో, పిట్యూటరీ జబ్బుతోనో హార్మోన్ తక్కువున్నవాళ్ల దారి వేరు. వాళ్లకు మందు ఆపడం ఒక్కటే సరిపోదు.

వీర్య పరీక్షకు రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండాలి. వీలైతే ల్యాబ్‌లోనే ఇవ్వండి. ఇంట్లో తీస్తే గంట లోపు మాకు చేరాలి. కూర్మన్నపాలెం నుంచి ఎన్‌ఏడీ మీదుగా ఆఫీసు టైములో వస్తే ఆ గంట చాలదు. డబ్బాను బండి డిక్కీలో పెట్టకండి, మే ఎండకు లోపల ఉడికిపోతుంది. చొక్కా లోపల ఒంటికి ఆనించి తీసుకురండి. సబ్బు, నూనె, మామూలు కండోమ్ వాడొద్దు. కొంత ఒలికితే చెప్పండి, మేం ఏమీ అనుకోం.

డాక్టరు చెప్పి మందు ఆపించాక ఓపిక కావాలి. శుక్రకణం తయారవ్వడానికే సుమారు 74 రోజులు పడుతుంది, అందుకే మూడు నెలలకోసారి పరీక్షిస్తారు. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో కౌంట్ తిరిగి వస్తుంది, కొందరికి రెండేళ్లు పడుతుంది. త్వరపెట్టడానికి డాక్టర్లు ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ ఇంజక్షన్లో, పిట్యూటరీని మళ్లీ కదిలించే క్లోమిఫీన్ మాత్రలో ఇస్తారు. ఈ మధ్యలో నీరసం, చిరాకు, కోరిక తగ్గడం మామూలే. ఇంట్లో ముందే చెప్పుకుంటే గొడవలు తగ్గుతాయి. దిగులు ముదిరితే డాక్టరుకు చెప్పాలి, మళ్లీ సూది వైపు వెళ్లకూడదు. హెచ్‌సీజీతో చనుమొనలు సలుపుతాయి, మొటిమలు వస్తాయి. దానికి మందుల షాపులో సొంతంగా మాత్రలు కొనొద్దు.

టెస్టోస్టిరాన్ కొనసాగించక తప్పనివాళ్లు సీబీసీలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) చూడండి. 54 శాతం దాటితే రక్తం చిక్కబడినట్టే, డోసు గురించి డాక్టరు తేల్చాలి. మన ఉక్కలో షిఫ్టు చేసి నీళ్లు తాగకపోతే అంకె ఇంకాస్త పెరుగుతుంది. గురక, కాళ్ల వాపు ఉన్నా చెప్పాలి. జెల్ రాసుకునేవాళ్లు మరీ జాగ్రత్త: చేతులు కడుక్కోండి, ఆరాక చొక్కా వేసుకోండి, భార్యను హత్తుకునే ముందు ఆ చోటు కడుక్కోండి. మందు ఆమె ఒంటికి అంటుకుంటే, గర్భంలో ఆడశిశువు ఉంటే ప్రమాదం. చంటిపిల్లల్ని ఆ భుజం మీద పడుకోబెట్టకండి.

పిల్లలు కలగకపోతే ముందు కోడలికే స్కానింగులన్నీ చేయించి, సింహాచలం తీసుకెళ్లి కప్పస్తంభాన్ని కౌగిలించుకోమనే ఇళ్లు మా దగ్గరికి చాలా వస్తాయి. మొక్కుకోండి, తప్పేముంది? అబ్బాయి శాంపిల్ కూడా అదే వారం ఇప్పించండి. భార్యకు 35 దాటితే కౌంట్ కోసం ఏడాది కూర్చోవద్దు, ఆరు నెలలకే ఇద్దరి ఫైళ్లూ ఒకే సంతాన వైద్యుల ముందు పెట్టండి. కౌంట్ కాస్త కనిపించగానే ఒక శాంపిల్ ఫ్రీజ్ చేయించుకోవచ్చా అని కూడా అప్పుడే అడగండి.